మందు పడిన హౌజు

మా ఇంటి వెనక బాయి పక్కన ఒక హౌజు ఉంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, నిండా నింపితే అయిదడుగుల లోతు. మా నాయన కట్టించినప్పుడు అది పొలానికి నీళ్ళు పెట్టుకోవడానికి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. వచ్చినప్పుడు మోటారు వేసి హౌజు నింపుకొని, పోయినప్పుడు కాలువకు వదులుకునేవాళ్ళం. మేం అన్నదమ్ములం వీపుకు ఖాళీ నూనె డబ్బా కట్టుకొని ఈత నేర్చుకున్నది అందులోనే. ఇప్పుడు పొలం మూడెకరాలకు తగ్గింది. బీదరు ఊరు పెరిగి పెరిగి మా గోడ దాకా వచ్చింది. హౌజు మాత్రం అట్లాగే ఉంది. ఎండాకాలం సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చే మనవళ్ళు దాన్ని స్విమ్మింగ్ పూల్ అంటారు. ‘మా తాత ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది’ అని స్నేహితులకు ఫోనులో చెప్పుకుంటుంటే నేను కాదనను. హౌజుకు ఆ మాత్రం పదోన్నతి రావలసిందే.

2022 మే నెలలో ఆ స్విమ్మింగ్ పూల్‌లో మందు పడింది. మందు అంటే ఎరువు. మన రైతులు ఎరువును మందనే అంటారు కదా. ఇక్కడి కన్నడం వాళ్ళు గొబ్బర అంటారు. పేడ ఎరువూ గొబ్బరే, యూరియా కూడా గొబ్బరే. మనం మాత్రం పేడను ఎరువనీ, బస్తాలో వచ్చేదాన్ని మందనీ వేరు చేసుకున్నాం. ఏ రోగానికి మందో ఎవరూ అడగలేదు.

ఆ ఏడు మా చిన్నమ్మాయి నాలుగు నెలల పాపతో వచ్చింది. పెద్దవాడి పిల్లలిద్దరు వచ్చారు. ఇల్లు నిండుగా ఉంది. ఒక రాత్రి గాలిదుమారం లేచి, రాళ్ళవాన పడి, వెనక రేకుల చావడి మీది రేకు ఒకటి ఎగిరి జామచెట్టులో ఇరుక్కుంది. తెల్లవారి లేచి ఆకులూ కొమ్మలూ హౌజులోంచి ఏరి పారేశాం. పిల్లలు మధ్యాహ్నం వరకు అందులోనే ఉన్నారు. నాలుగో రోజుకు నీళ్ళు పెసరకట్టు రంగుకు తిరిగాయి. ఆరో రోజుకు హౌజులో మొదటి మెట్టు కూడా కనబడకుండా పచ్చబడిపోయాయి. చెయ్యి పెడితే జిగటగా తగిలింది. పిల్లలను బయటికి రమ్మన్నాను. వాళ్ళ ముఖాలు చూడాలి, నేనేదో వాళ్ళ ఆస్తి జప్తు చేసినట్టు.

పాచి పడితే బ్లీచింగు పౌడరు వెయ్యాలని అందరికీ తెలుసు. రెండు కిలోలు తెచ్చి బకెట్లో కలిపి పోశాను. ఘాటైన వాసన లేచింది. కళ్ళు మండాయి, ముక్కు మండింది. మర్నాడు పచ్చదనం కొంత విరిగింది. ఆ పైరోజు మళ్ళీ మామూలే. మరో రెండు కిలోలు వేశాను. మళ్ళీ అదే వాసన, అదే మంట, అదే పచ్చదనం. దుకాణంలో ఒకాయన మైలుతుత్తం వెయ్యమన్నాడు. రాగి పాచిని చంపేది నిజమే గాని, అది నీళ్ళలోంచి ఎగిరిపోయేది కాదు, అక్కడే ఉంటుంది. పిల్లలు మునిగే నీళ్ళలో అది వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

అప్పుడు నాకు పక్క చేను గుర్తొచ్చింది. దుమారం వచ్చే ముందురోజు పక్క చేనతను చెరుకుకు యూరియా చల్లాడు. నేను కళ్ళారా చూశాను. గాలి అటునుంచే వచ్చింది. ఇంకేం కావాలి? గట్టు మీదికి పోయి, మనిషిని పిలిచి, పిల్లలు ఆడుకునే నీళ్ళ పక్కన మందు చల్లేటప్పుడు వెనకాముందు చూసుకోవద్దా అని అడిగాను. అడిగాననేది మర్యాదకు రాస్తున్న మాట. ఇద్దరు కూలీలు నిలబడి వింటుండగా గొంతు లేచింది. వాళ్ళ నాయనా మా నాయనా ఒకే మోటకు ఎద్దులు కట్టినవాళ్ళు. అతను నన్ను కాకా అంటాడు, నేను తమ్మా అంటాను. అతను కోపం తెచ్చుకోలేదు. హౌజు వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు.

“నీరు మ్యాల హరితావేన్రీ కాకా?” అన్నాడు. నీళ్ళు పైకి పారతాయా అని.

అతని చేను మా హౌజుకు పల్లంలో ఉంది. పాతికేళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, నీరు పల్లమెరుగునని నాకు ఇంకొకరు చెప్పవలసి వచ్చింది. అయినా ఆ రోజు ఒప్పుకోలేదు. గాలికి ఎగిరి వచ్చి ఉంటుందని గొణుక్కుంటూ ఇంటికి వచ్చాను. అన్నం తింటుంటే మా ఆవిడ అడిగింది, “చావడిలో బస్తాలు లెక్క చూసుకున్నారా?” అని.

ముంగారు రాకముందే మందు తెచ్చి పెట్టుకోవడం నాకు అలవాటు. జూన్‌లో అందరికీ ఒకేసారి కావాలి, అప్పుడు దొరకదు. చావడి హౌజుకు ఎగువన, అరుగు మీద ఉంది. రెండు యూరియా బస్తాలు, రెండు డీఏపీ బస్తాలు, పైన తాటిపత్రి కప్పి ఉంది. పైనుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తాటిపత్రి ఎత్తి చూస్తే గోడవైపున కింది బస్తాను ఎలుకలు కొరికి ఉన్నాయి. రేకు లేచిన చోటునుంచి వాన నేరుగా దాని మీదే పడింది. అరుగు మీదనుంచి హౌజు అంచు దాకా తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు ఒక చార. తూకం వేస్తే, నలభై అయిదు కిలోల యూరియా బస్తాలో ముప్పై అయిదు మిగిలాయి. పక్కనున్న డీఏపీ బస్తా మూల కూడా తడిసి కరిగింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన పాత మిత్రుడొకాయన ఊళ్ళోనే ఉంటాడు. ఆయనకు ఫోను చేస్తే సాయంత్రం వచ్చాడు. హౌజు చూసి, కొలతలు అడిగి, ఒక కాగితం మీద లెక్క వేశాడు. హౌజులో పట్టేది సుమారు 34 వేల లీటర్లు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. పది కిలోలంటే నాలుగు కిలోల ఆరువందల గ్రాములు. క్లోరిన్‌కు పాచి మీద పగ ఉన్న మాట నిజమే గాని, నీళ్ళలో నత్రజని ఉంటే ముందు దానితో లెక్క తేల్చుకుంటుంది, మిగిలితేనే పాచి జోలికి వెళుతుంది. ఒక పాలు నత్రజనికి దాదాపు పది పాళ్ళ క్లోరిన్ ఖర్చవుతుంది. అంటే నలభై ఆరు కిలోలు. బ్లీచింగు పౌడరులో క్లోరిన్ బలం మూడో వంతు దాకానే.

“నూట యాభై కిలోలు వెయ్యాలి మాస్టారూ. మీరు నాలుగు వేశారు” అన్నాడు.

కళ్ళు మండించిన ఆ ఘాటు వాసన క్లోరిన్‌ది కాదట. క్లోరిన్, నత్రజని కలిసి పుట్టే క్లోరమైన్లదట. పట్నాలలో ఈత కొలనుల దగ్గర వచ్చే వాసన కూడా అదేనట. చెమటలోనూ మూత్రంలోనూ యూరియా ఉంటుంది కదా. ఘాటుగా వాసన వస్తే కొలను శుభ్రంగా ఉందనుకుంటాం. నిజానికి అది జనం వదిలిన యూరియాతో క్లోరిన్ కుస్తీ పడుతున్న వాసన. ఇది విన్నాక మా మనవడు తను ఎప్పుడూ హౌజులో అట్లాంటి పని చెయ్యలేదని ఎవరూ అడగకుండానే ప్రమాణం చేశాడు.

ఇక డీఏపీలో భాస్వరం ఉంటుంది. పాచికి నత్రజని అన్నమైతే భాస్వరం పప్పు. మే నెల ఎండ పొయ్యి. మేం వండి వడ్డించాం, అది తిన్నది. దీన్ని మందుతో చంపబోవడం దండగ, నీళ్ళు తీసెయ్యడమే దారి అన్నాడు మిత్రుడు. వెళుతూ చావడిలో యూరియా బస్తా పక్కనే నేను పెట్టిన బ్లీచింగు డబ్బాను చూసి మాత్రం కేకలేశాడు. ఆ రెండూ తడిసి కలిస్తే విషవాయువులు పుడతాయి, పేలే ప్రమాదమూ ఉంది. ఆ డబ్బాను అప్పటికప్పుడు ఇంకో గదికి మార్చాను.

నీళ్ళు తీసెయ్యడం తేలికే, అడుగున తూము ఉంది. కాని ఎక్కడికి వదలాలి? బీదరు సంగతి తెలిసినవాళ్ళకు ఈ ప్రశ్న ఎందుకు కష్టమో తెలుస్తుంది. మన ఊరు కూర్చున్నది లేటరైట్ అనే ఎర్రరాయి మీద. జల్లెడ లాంటి రాయి అది. పైన పడిన వాన దానిలోంచి దిగి, కింద నల్లరాయి తగలగానే ఇంక దిగలేక పక్కకు పారుతుంది. అంచుల్లో ఎక్కడ సందు దొరికితే అక్కడ ఊటగా బయటికి వస్తుంది. పాపనాశమూ, నరసింహ ఝరణీ, నానక్ ఝీరా, అన్నీ ఊటలే. ఝరణిలో ఛాతీలోతు నీళ్ళలో సొరంగం వెంబడి నడిచి నరసింహుణ్ణి చూసిన ప్రతివాడూ ఆ రాయి లోపలి నీళ్ళలో నడిచినవాడే. బహమనీల కాలంలో నౌబాదు దగ్గర నేల లోపల కాలువ తవ్వి, పైనుంచి దానికి వరసగా బావుల్లాంటి నోళ్ళు పెట్టి నీళ్ళు నడిపించారు. కరేజ్ అంటారు దాన్ని. ఈ రాయి గుణం తెలిసి చేసిన పని అది. ఇట్లాంటి ఊళ్ళో నీళ్ళు పారబోస్తే అవి ఎటో పోయాయని చెప్పడానికి లేదు.

మరునాడు పొద్దున్నే గట్టు మీదికి పోయాను. ఈసారి కూలీలు రాకముందే పోయానని ఒప్పుకుంటున్నాను. తప్పు నాదేనని చెప్పాను. ఎలుకల సంగతి చెబితే అతను నవ్వాడు. హౌజు నీళ్ళు నీ చెరుకుకు వదలనా అని అడిగాను. చెరుకుకు ఎకరానికి వంద కిలోల దాకా నత్రజని పెడతారు. హౌజులో ఉన్నది అయిదు కిలోల లోపే, అరెకరానికి పారించినా అది చిన్న మోతాదే. కాని అతని అనుమానం వేరే. “బ్లీచింగు పోశారు కదా కాకా, చెరుకు మాడిపోదా?” న్యాయమైన ప్రశ్న. మిత్రుణ్ణి అడిగాను. వేసింది తక్కువ, మూడు రోజులు ఎండకు వదిలేస్తే దాని బలం పోతుందన్నాడు. మూడు రోజులాగి సాయంత్రాలు తూము కొంచెం కొంచెం తీశాం. పచ్చటి నీళ్ళు సాలు వెంట మెల్లగా పారుతుంటే పిల్లలు గట్టు మీద నిలబడి తమ స్విమ్మింగ్ పూల్ చెరుకులోకి పోవడం చూశారు.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

మిత్రుడు వచ్చిన రోజు చెప్పకుండా దాటేసిన మాట ఒకటుంది. లెక్కలన్నీ అయ్యాక, హౌజుకూ బాయికీ మధ్య దూరం ఎంత అని అడిగాడు. ఆరడుగులు అన్నాను. హౌజు కారుతుందా? కారుతుంది. బాయి వైపు మూలన ఎప్పుడూ తడి ఉంటుంది, అక్కడ చేమమొక్కలు మొలుస్తాయి. ఈ నీళ్ళు ఎవరు తాగుతారు? అందరం తాగుతాం. అప్పుడే మా చిన్నమ్మాయి పాపను ఎత్తుకొని గుమ్మంలోకి వచ్చింది. పాపకు తల్లిపాలు చాలక పాలపొడి కలుపుతున్నారు. ఆ నీళ్ళు బాయివే. మరగబెట్టి చల్లార్చి కలుపుతున్నాం కదా, భయం లేదన్నాను.

ఆయన మరగబెడితే పోయేది క్రిములు, నైట్రేటు కాదన్నాడు. నీళ్ళు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుందట. నైట్రేటు పెద్దవాళ్ళ కంటే నెలల పిల్లల మీద ఎక్కువ పని చేస్తుంది. వాళ్ళ కడుపులో అది నైట్రైటుగా మారి రక్తంలోకి వెళ్ళి ప్రాణవాయువును మోసే శక్తిని తీసేస్తుంది. పెదవులు, గోళ్ళు నీలంగా తిరుగుతాయి. అమెరికాలో అయోవా రాష్ట్రంలో కోమ్లీ అనే డాక్టరు 1945లో దీన్ని మొదట బయటపెట్టాడు. పల్లెల్లో బావినీళ్ళతో పాలు కలిపిన పసిపిల్లలకు వచ్చిన నీలిరంగు అది. బ్లూ బేబీ అంటారు.

రాత్రి టార్చి వేసి పాప పెదవులు ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. ఎర్రగానే ఉన్నాయి. టార్చి వెలుగుకు పాప ఏడిస్తే అమ్మాయి లేచి, ఏం చేస్తున్నావు నాన్నా అంది. దోమలు చూస్తున్నానన్నాను. తెల్లవారగానే ఇరవై లీటర్ల ఆర్వో నీళ్ళ డబ్బా తెప్పించాను. ఆర్వోలో నైట్రేటు చాలావరకు ఆగుతుంది. ఆగినదంతా వాళ్ళు వదిలేసే నీళ్ళలో ఎక్కడికి పోతుందన్నది మళ్ళీ ఇంకో ప్రశ్న.

బాయి నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. తాగేనీళ్ళలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. కాగితం మీద మా బాయిది 62 అని వచ్చింది. నా నెత్తిన పిడుగు పడింది. పది కిలోల యూరియా, ఎలుకలు కొరికిన ఒక్క బస్తా, ఎంత పని చేసింది అనుకున్నాను. మిత్రుడికి కాగితం చూపించాను. ఆయన చాలాసేపు చూసి, “ఇది మీ ఎలుకల పని కాదు” అన్నాడు.

యూరియా నీళ్ళలో పడగానే నైట్రేటు కాదు. ముందు అమోనియా కావాలి. ఆ అమోనియాను సూక్ష్మజీవులు నైట్రైటు చెయ్యాలి, ఆపైన నైట్రేటు చెయ్యాలి. వారాలు పడుతుంది. దుమారానికీ సీసాలో నీళ్ళు పట్టడానికీ మధ్య రెండు వారాలు కూడా లేవు. ఈ 62 పాతది. ఎప్పటినుంచి ఉందో ఎవరూ చూడలేదు. నేలకు అమోనియాను కొంత పట్టి ఉంచే గుణం ఉంది గాని నైట్రేటును పట్టలేదు. పైరు తినగా మిగిలినది నీళ్ళతో పాటు కిందికి పోతుంది. మన ఎర్రరాయిలో ఇంకా తొందరగా. చేలో మందు, పెరట్లో పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంత, అన్నిటిదీ అదే దారి.

మా నాయన మొదటిసారి యూరియా తెచ్చిన రోజు నాకు గుర్తుంది. ఒక్క బస్తా. పంచదార లాగా ఉందని నాలుక మీద వేసుకోబోతే చెయ్యి మీద కొట్టాడు. హైబ్రిడ్ జొన్న వచ్చిన రోజులవి. ఆ ఏడు కంకులు చూడడానికి జహీరాబాదు నుంచీ నారాయణఖేడు నుంచీ మా చుట్టాలు వచ్చారు. 1956లో మా పాత జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయారు, మేం మైసూరులోకి వచ్చాం. ఆ ఒక్క బస్తా తరవాత ఏటా ఒకటీ అరా పెరుగుతూ వచ్చింది. యాభై ఏళ్ళకు పైగా వేశాం. ఒక్క ఏడు కూడా లెక్క రాసుకోలేదు. రాసుకుంటే ఎన్ని కిలోలు గింజలోకి పోయాయో, ఎన్ని బాయిలోకి పోయాయో కనీసం ఊహించగలిగేవాణ్ణి.

నాకు వింతగా తోచింది ఇది. హౌజు పచ్చబడితే ఇల్లంతా లేచి కూర్చుంది, గట్టు మీద కొట్లాట కూడా అయింది. బాయి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున పడిన చెంబు కూడా కనబడుతుంది. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా లేదు. ఎన్నాళ్ళనుంచో మేం తాగుతున్నది అది. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో అనే పట్నంలో చెరువు పాచిలోని విషం కుళాయి నీళ్ళలోకి వచ్చి, సుమారు నాలుగు లక్షల మందిని ఆ నీళ్ళు తాగొద్దన్నారు. మరగబెట్టి తాగొద్దనీ చెప్పారు, మరగబెడితే విషం చిక్కబడుతుందని. వాళ్ళకు కనీసం చెరువు పచ్చగా కనబడింది.

హౌజును ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో రుద్ది, సున్నం కొట్టి ఆరబెట్టాం. బాయిని ఖాళీ చెయ్యలేం. తోడిన కొద్దీ అదే రాయిలోంచి అవే నీళ్ళు వస్తాయి. మరుగుదొడ్డి గుంతను దూరం జరిపించాను, పెంటకుప్పను పల్లానికి మార్చాను. పల్లంలో ఉన్నది అతని చేనని గుర్తొచ్చి మళ్ళీ అతణ్ణి అడిగి మార్చాను. వాళ్ళ బాయి నీళ్ళు కూడా ఒక సీసా ఇమ్మన్నాను. ముందు వద్దన్నాడు. “తెలిస్తే ఏం చేస్తాం కాకా, తాగడం మానతామా?” అన్నాడు. వాళ్ళ కోడలు నెల తప్పిందని మా ఆవిడ ద్వారా నాకు తెలుసు. ఆ మాట నేను ఎత్తలేదు. రెండు రోజుల తరవాత తనే సీసా తెచ్చి అరుగు మీద పెట్టి పోయాడు. వాళ్ళది 71 వచ్చింది.

కాగితం ఇచ్చినప్పుడు అతను అంకె చూశాడు, మా అంకె ఎంతని అడిగాడు. చెప్పాను. పల్లంలో ఉన్నవాడికి ఎక్కువే వస్తుంది కదా అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ వారంనుంచి ఆర్వో డబ్బాల బండి మా ఇంటిముందు ఆగి, వాళ్ళ ఇంటిముందు కూడా ఆగుతోంది.

జూన్‌లో పిల్లలు వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు నాలుగు రోజులు కొత్త నీళ్ళలో ఈదారు, నోట్లోకి పోనియ్యొద్దని అమ్మాయి గట్టు మీద కర్ర పట్టుకొని కూర్చుంది. యూరియా రెండు బస్తాల చోట ఆ ఏడు ఒకటే వేశాను, అదీ మూడు దఫాలుగా. కంది ఏమీ అనుకున్నట్టు లేదు.

హౌజు మూలన చేమ మాత్రం ఆ వానాకాలం విపరీతంగా పెరిగింది. ఒక్కో ఆకు చాటంత. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పక్క చేనతని తల్లి పులుసుకు నాలుగాకులు కొయ్యనా అని గట్టు మీదనుంచి కేకేసింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను బాయి వైపు చూశాను. “ఈ ఏడు వద్దక్కా, దురద ఎక్కువుంది” అని ఆవిడ కన్నడంలో చెప్పి లోపలికి వచ్చేసింది.